అంతా పచ్చగా ఉంది సార్!

మాదాపూర్‌లో ఇరవై మందితో నడిచే సాఫ్ట్‌వేర్ కంపెనీకి అమెరికా క్లయింట్ దొరకడం ఒక ఎత్తు, అతనితో సంతకం పెట్టించుకోవడం మరో ఎత్తు. మాటలన్నీ అయిపోయి, రేటు కూడా తెగాక అటునుంచి మెయిల్ వస్తుంది: మీ సాక్ టూ రిపోర్ట్ పంపండి. ఓనరు గారు ముందు గూగుల్‌ని అడుగుతారు, తర్వాత బావమరిదిని అడుగుతారు. మర్నాటి నుంచి ఆయన ఫోన్ నిండా కంప్లయన్స్ సాఫ్ట్‌వేర్ ప్రకటనలే.

సాక్ టూ అమెరికా సీపీఏల సంఘం, అంటే అక్కడి లెక్కల ఆడిటర్ల సంఘం, పెట్టిన పద్ధతి. హ్యాకర్లను ఆపే పని ఎలా సాగుతోందో చూడమని లెక్కలవాళ్లకు అప్పగించారన్నమాట. టైప్ వన్‌లో ఫలానా రోజున ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూస్తారు, టైప్ టూలో కొన్ని నెలలపాటు అవి నిజంగా నడిచాయా అని చూస్తారు. చివరికి చేతికొచ్చేది ఆడిటర్ అభిప్రాయమే, సర్టిఫికెట్ కాదు. అయినా వెబ్‌సైట్ అడుగున గుండ్రటి ముద్ర వేసి ‘సర్టిఫైడ్’ అని రాసుకునేవాళ్లకు కొదవ లేదు.

ఓనరు గారు ఆ ప్రకటనల్లోని సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. క్లౌడ్ ఖాతా కలిపారు, ల్యాప్‌టాప్‌లన్నిటిలో దాని నిఘా ప్రోగ్రామ్, అంటే ఏజెంట్‌ని, దించారు. డాష్‌బోర్డ్ ఎర్రగా మండిపోయింది. దాన్ని పచ్చబరచడమే ఇక కంపెనీ పని.

పాలసీలు రెడీమేడ్‌గా వస్తాయి. నిన్నటిదాకా సెలవుల నియమాలు తప్ప మరేమీ రాసుకోని కంపెనీకి ఒక్క సాయంత్రంలో పాతిక పాలసీలు సమకూరాయి. వాటిలో రెండు పాలసీల్లో ‘ఇక్కడ మీ కంపెనీ పేరు రాయండి’ అన్న వాక్యం అలాగే ఉండిపోయింది, దాని మీదే అందరూ సంతకాలు చేశారు. భద్రతపై బోర్డు సమావేశం జరిగినట్టు మినిట్స్ కావాలి. బోర్డంటే ఓనరు గారు, వారి శ్రీమతి. ఆవిడ కుక్కర్ దించి వచ్చి తీర్మానాన్ని బలపరిచారు. శిక్షణ వీడియోని అందరూ రెట్టింపు వేగంతో చూశారు, క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో తిరిగాయి. టిక్కు పడింది.

పాస్‌వర్డ్ తొంభై రోజులకోసారి మార్చాలన్నది ఒక పాలసీ. ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. టెంప్లేట్‌కి ఆ కబురు అందలేదు. కాబట్టి జనం పాత పాస్‌వర్డ్ చివర ఒకటి తీసి రెండు పెట్టారు, ఆ రెండుని చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టారు. కీబోర్డు కిందికి తొంగిచూసే ఏజెంట్‌ని ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

న్యాయంగా చెప్పాలంటే సాఫ్ట్‌వేర్ ఒక అసలైన ప్రమాదం పట్టింది. ఉద్యోగం మానేసి వెళ్లిన ఇంజనీర్ ఖాతా ఇంకా తెరిచే ఉంది, అడ్మిన్ అధికారాలతో సహా. మూసేద్దామంటే ఒక చిక్కు: ప్రొడక్షన్‌లో కొత్త కోడ్ ఎక్కేదే ఆ ఖాతా మీద. మూస్తే ఏది ఆగిపోతుందో తెలిసినవాడు ఆ వెళ్లిపోయినవాడే. సాఫ్ట్‌వేర్ దగ్గర దీనికీ ఒక బటన్ ఉంది: మినహాయింపు. కారణం పెట్టెలో ‘వ్యాపార అవసరం’ అని రాశారు. ఎరుపు పోయింది. ఆ ఖాతా మాత్రం ఎక్కడికీ పోలేదు.

పెద్దవాళ్ల కథా ఇంతే. అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్‌కి 2013 సెప్టెంబరులో కార్డుల భద్రతా ప్రమాణం పీసీఐ కింద ధ్రువీకరణ దక్కింది. ఆ ఏడాది చివర్లోనే సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు దొంగలపాలయ్యాయి. దొంగలు దూరింది శీతల యంత్రాల కాంట్రాక్టరుకిచ్చిన లాగిన్‌తో. కొత్తగా కొన్న నిఘా సాఫ్ట్‌వేర్ హెచ్చరించింది కూడా. బెంగళూరులోని బృందం దాన్ని చూసి మినియాపొలిస్‌లోని హెడ్డాఫీసుకి చేరవేసింది. అక్కడ ఎవరూ కదల్లేదు. హెచ్చరిక వినడం ఏ టిక్కులోనూ లేదు మరి.

హైదరాబాదుకి ఇది తెలియని సంగతేమీ కాదు. కార్పొరేట్ పాలనకు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న సత్యం కంప్యూటర్స్‌లో లెక్కలే అబద్ధమని 2009 జనవరి 7న ఛైర్మనే స్వయంగా రాసిచ్చారు. నెమలిని వెనక్కి తీసుకున్నారు.

మాదాపూర్ కంపెనీకి రిపోర్ట్ వచ్చింది, క్లయింట్‌కి పంపారు. జవాబుగా మూడొందల ప్రశ్నల ఎక్సెల్ షీటు వచ్చింది. అందులో ఒకటి: దాడి జరిగితే మీ దగ్గర బాధ్యులెవరు? మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం దాడి సంగతి 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి కాబట్టి ఈ పేరు ముఖ్యమే. పాలసీ తెరిచి చూస్తే ఉద్యోగం మానేసిన ఆ ఇంజనీర్ పేరే కనిపించింది. అదే కాపీ చేసి పంపారు.

ఇంతలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. భద్రత పాటించకుండా డేటా పోగొడితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. ఓనరు గారు ఆ అంకెలో సున్నాలు లెక్కపెడుతుండగా ఫోన్ మోగింది: "సార్, దానికీ మాడ్యూల్ వచ్చేసింది. నెలాఖరులోపు తీసుకుంటే డిస్కౌంట్ ఇప్పిస్తాను."