అద్దె లేని పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలము (ఆ.వె.)

అద్దె లేక తల్లి యన్నమ్ము దినుచుండి
కూడబెట్టి నేను కొందు ఫ్లాటు
మరొక యేడు చాలు మాతల్లి యీయింట
పిదప జూతమమ్మ పెండ్లి మాట

అవతారిక. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక పాత ఎల్‌ఐజీ ఇల్లు. ఇంటి యజమానురాలు రిటైరైన టీచరమ్మ, భర్త లేరు. కూతురికి ఇరవై ఎనిమిదేళ్ళు, గచ్చిబౌలిలో ఉద్యోగం. రాత్రి భోజనాల దగ్గర, మేనమామ తెచ్చిన సంబంధం పప్పు గిన్నెతోపాటు బల్లమీదికి రాగా, కూతురు చేయి కడుక్కోకముందే ఆశువుగా చెప్పిన పద్యమిది. మూలంలో లేనిది రాయనని కోలాచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు గనుక ఆయనకు చెల్లింది. ఫ్లాటు విషయంలో అసలు ఖర్చంతా మూలంలో కనపడని చోటే ఉంటుంది. నాకు ఆ ఒట్టు కుదరదు.

ప్రతిపదార్థము. అద్దె లేక = ఒకటో తారీఖున ఇంటివాళ్ళకు ముట్టజెప్పే సొమ్ము లేకుండా; తల్లి అన్నమ్ము = అమ్మ వండిన అన్నాన్ని (పప్పు, కూర, పెరుగు, ఆఫీసుకు కట్టిచ్చే డబ్బా, రాత్రి పదకొండింటికి వచ్చినా మూతపెట్టి ఉండే గిన్నె, అన్నీ ఇందులో చేరతాయి); తినుచుండి = తింటూనే; కూడబెట్టి = జీతంలో మిగిల్చి; నేను = నేనే (దీనిమీద పెద్ద చర్చ ఉంది); ఫ్లాటు = అపార్టుమెంటులో ఒక వాటాను; కొందు = కొంటాను; మాతల్లి = ఓ మా అమ్మా (బతిమాలే సందర్భంలో మాత్రమే ఈ సంబోధన కనిపిస్తుంది); ఈ యింట = ఈ ఇంట్లో; మరొక యేడు = ఇంకో సంవత్సరం (నిరుడూ ఇదే పాఠం); చాలు = సరిపోతుంది; పిదప = ఆ తరువాత; పెండ్లి మాట = మేనమామ తెచ్చిన సంగతిని; చూతము = చూద్దాం, అనగా చూడం.

ఛందస్సు. రెండో పాదంలో ‘కూ’కు ‘కొ’తో యతి. కూడబెట్టడానికీ కొనడానికీ హైదరాబాదులో మరెక్కడా పొత్తు కుదరటం లేదు, పద్యంలో కుదిరింది. ‘కొందు ఫ్లాటు’ అన్నచోట సంయుక్తాక్షరం ముందున్న ‘దు’ గురువై గణభంగం కాదా అని ఒక శంక. తెలుగు మాటలు విడివిడిగా నిలిచినప్పుడు ఆ బాధ లేదు, సమాసమైతేనే చిక్కు. కొనడానికీ ఫ్లాటుకీ ఇంకా సమాసం కాలేదు కనుక పాదం నిలబడింది.

విచారణ. ఇక ‘నేను’. ఎనభై లక్షల ఫ్లాటు అనుకుందాం. అప్పు 30 లక్షలు దాటి 75 లోపు ఉంటే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరాదని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు నియమం. కాబట్టి 64 లక్షలు బ్యాంకువి, 16 లక్షలు చేతివి. తెలంగాణలో రిజిస్ట్రేషను ఖర్చులు 2021 జూలైలో 6 నుంచి 7.5 శాతానికి పెరిగాయి, అదొక 6 లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ, మరో 4. వెరసి చేతినుంచి 26 లక్షలు. తీసుకున్న 64 లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవయ్యేళ్ళ గడువు అయితే నెలవాయిదా 55 వేల పైచిలుకు. వడ్డీ ఒక్కటే 69 లక్షలు దాటి, అసలుకు పెద్దక్కయి కూర్చుంటుంది.

ఇప్పుడు మొదటి పాదానికి వెళ్దాం. ఇలాంటి వాటా బయట అద్దెకు తీసుకుంటే నెలకు ఇరవై వేలు, తిండికి ఎనిమిది వేలు వేసుకుందాం. లెక్క తక్కువే వేశాను, తల్లి పక్షం వహించానని అనకండి. ఏడాదికి 3,36,000. ఉద్యోగంలో చేరి అయిదేళ్ళయింది అనుకుంటే 16,80,000. బ్యాంకు అడిగే 16 లక్షల చేతిసొమ్మూ అమ్మ వంటింట్లో ఉడికిందే! ‘నేను కొందు’ అనేది కర్తరి ప్రయోగం. కర్త స్థానంలో ఒకరే ఎందుకున్నారని వైయాకరణులు అడగరు, నేను అడుగుతున్నాను.

“అయితే అమ్మకు అద్దె ఇస్తా, రసీదు ఇస్తుంది, హెచ్‌ఆర్‌ఏ మినహాయింపూ వస్తుంది” అని కూతురి ఆక్షేపం. పాత పన్ను పద్ధతిలో, ఇల్లు అమ్మ పేర ఉండి, సొమ్ము నిజంగా చేతులు మారితే అది చెల్లేదే. ఈమె కొత్త పద్ధతిలోకి మారింది, అక్కడ ఆ మినహాయింపు లేదు. ఆక్షేపం వీగిపోయింది.

‘ఫ్లాటు’ శబ్దానికి ఇక్కడ ముఖ్యార్థం చెప్పలేం, ఎందుకంటే ఆమె చూసినది ఇంకా భూమ్మీద లేదు. తోటి ఉద్యోగి ఒకడు ప్రీలాంచ్ ఆఫరు చూపించాడు. చదరపు అడుగు ధర బయటికంటే బాగా తక్కువ, సొమ్ము మాత్రం మొత్తం ఒకేసారి కట్టాలి, చేతికి వచ్చేది స్థలంలో ఇన్ని గజాల అవిభాజ్య వాటాకు ఒక కాగితం. అనుమతి? వస్తుంది. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు? అదీ వస్తుంది. రెరాలో నమోదు కాకముందు ప్రకటించకూడదు, బుకింగు తీసుకోకూడదు, అమ్మకూడదు అని 2016 చట్టం చెబుతోంది. అందువల్ల ఆ ఆఫరు వాట్సాప్‌లో మాత్రమే, చెవిలో చెప్పినట్టు వచ్చింది. కూతురు ఆ బొమ్మ తల్లికి చూపించింది. తల్లి కళ్ళజోడు సవరించుకుని, ఈత కొలనూ పచ్చికా వదిలేసి, మూలనున్న మ్యాపు పెద్దది చేయమంది.

“ఏమే, ఇక్కడ చెరువుండేది కదే. పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళాం.”

దీన్నే ఆప్తవాక్య ప్రమాణం అంటారు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక, ఆ సెప్టెంబరులోనే కూకట్‌పల్లి నల్ల చెరువు దగ్గర కట్టడాలు కూలాక, ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ (చెరువు నిండితే నీళ్ళు నిలిచే మేర, దాని చుట్టూ వదలాల్సిన హద్దు) అనే మాటలు కూరగాయల బండి దగ్గర కూడా వినబడుతున్నాయి. ఈసీ (ఆస్తిమీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించవచ్చు, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించవచ్చు, చూపించాలి కూడా. కానీ ఎక్కడ నీళ్ళు నిలిచేవో ఈసీలో రాయరు. ఆ ఒక్క వాక్యంతో ప్రీలాంచ్ ఫ్లాటు పద్యంలోంచి తొలగిపోయింది. తల్లి వాటా మరికొంత పెరిగింది.

నాలుగో పాదం దగ్గర ఆగాలి. ఇక్కడ పూర్వ వ్యాఖ్యాత ఒకరున్నారు: పక్క వాటా ఆంటీ. “పెళ్ళయ్యాక కొంటే ఇద్దరి జీతాలూ కలుస్తాయి, లోను పెద్దదొస్తుంది” అని ఆవిడ సిద్ధాంతం. గణితం సరైనదే. అయితే ఆస్తి ఎవరి పేర, ఎవరి తరువాత ఎవరికి అనే మాట ఆవిడ విడిచిపెట్టారు.

1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం ఆమె కొన్నది ఆమెకే సంపూర్ణంగా చెందుతుంది, ఇందులో వివాదం లేదు. గొడవంతా 15వ సెక్షనులో ఉంది. వీలునామా రాయకుండా హిందూ స్త్రీ కాలం చేస్తే ఆమె స్వార్జితం మొదట పిల్లలకూ భర్తకూ, వాళ్ళు లేకపోతే భర్త వారసులకు, ఆ తరువాతే తల్లిదండ్రులకు. 2009లో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటిదే వచ్చింది. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తింటివారు వెళ్ళగొడితే పుట్టింటికి చేరి, చదువుకుని, ఉద్యోగం చేసి సంపాదించిన ఒకావిడ సొమ్ము ఆమె భర్త సోదరి కొడుకులకు పోయింది. చట్టం అలా ఉంది, జాలి పడి మార్చలేం అంది కోర్టు. పుట్టింటి అన్నం లెక్కలోకి రాలేదు.

అంటే ఏమైంది? పెళ్ళికి ముందు ఈ కూతురికి వారసురాలు ఈ తల్లే. పెళ్ళి జరిగిన మరుక్షణం ఆవిడ అల్లుడి వెనక్కి, అల్లుడి తరఫువారి వెనక్కి జరుగుతుంది. ‘పిదప’ అన్న మాట తల్లికి లాభం, ఆవిడేమో ఆ మాట విన్నప్పుడల్లా అన్నం ముద్ద దగ్గర ఆగి నిట్టూరుస్తుంది. కూతురు వీలునామా రాసుకుంటే ఈ చిక్కంతా ఒక కాగితంతో తీరుతుంది, దానికి స్టాంపు డ్యూటీ కూడా లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లతో భోజనాల దగ్గర ఆ మాట ఎవరు ఎత్తుతారు?

తాత్పర్యము. అమ్మా, అద్దె కట్టకుండా, నీ చేతి వంట తింటూ, మిగిల్చిన డబ్బుతో ఫ్లాటు కొంటాను. ఇంకో ఏడాది ఇక్కడే ఉండనీ, పెళ్ళి సంగతి తరువాత చూద్దాం అని భావము.

పాఠాంతరము. నాలుగో పాదాన్ని తల్లి ‘ముందు జూతమమ్మ పెండ్లి మాట’ అని దిద్దింది. గణాలు సరిపోయాయి గానీ ‘ము’కు ‘పె’తో యతి చెల్లదు. యతిభంగమని కూతురు ఎత్తిచూపింది. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన ఆవిడకు ఆ సంగతి తెలియక కాదు. ఆదివారం భోజనానికి రమ్మని తమ్ముడికి అప్పటికే ఫోను చేసి ఉంది.