రికార్డులో అలా లేదు

జూలై రెండో వారాంతం దగ్గర పడిందంటే ఇతన్ని గుర్తుపట్టడం తేలిక. నెదర్లాండ్స్‌లో ఉన్న మనవాళ్ళంతా బార్బెక్యూకి చికెన్ నానబెట్టుకుంటుంటే, ఇతను తెల్లకాగితం మీద గళ్ళు గీసుకుని కూర్చుంటాడు. రోటర్‌డామ్‌లో మూడు రోజుల నార్త్ సీ జాజ్ ఫెస్టివల్. ఏ హాల్లో ఎవరు, ఎన్నింటికి, ఆ హాల్లోంచి ఈ హాల్లోకి నడవడానికి ఎంతసేపు, మధ్యలో బాత్రూముకి వెళ్ళే వెసులుబాటు ఉందా లేదా, అన్నీ ఆ గళ్ళలో ఉంటాయి. సొంతూరు భీమవరం, ఉద్యోగం ఐండ్‌హోవెన్, ప్రాణం పాట్ మెథీనీ గిటారులో.

అభిమాని అంటే మాత్రం ఊరుకోడు. అభిమానులు సినిమా హీరోలకుంటారట, ఇతను 'ఫాలో' అవుతాడట. మెథీనీ మొదటి రికార్డు 'బ్రైట్ సైజ్ లైఫ్' వచ్చింది 1976లో. ఈ ఫెస్టివల్ హేగ్ నగరంలో మొదలైందీ 1976లోనే. ఊరికే కలిసొచ్చిందిలే అన్నామా, ఇక మనతో మాట్లాడడు. పెళ్ళిరోజు ఫోను గుర్తుచేస్తే తప్ప గుర్తురాదు గానీ, కెనడాలో లిండా మాంజర్ అనే ఆవిడ మెథీనీకి 42 తీగల పికాసో గిటారు 1984లో చేసిచ్చిందని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మెథీనీ పాత గిబ్సన్ గిటారుకి ఒక టూత్‌బ్రష్ ఇరికించి ఉండేదని ఎక్కడో చదివి, తన గిటారుకీ ఒకటి ఇరికించాడు. ఆ గిటారు మోగిన దాఖలా లేదు. బ్రష్షు మాత్రం ఖరీదైనదే. ఇక మెథీనీ చారల చొక్కా వేస్తాడు కాబట్టి ఇతనూ అదే వేస్తాడు. అడ్డచారలు పొట్టని దాచవన్న సంగతి ఇంట్లో ఆవిడ చెప్పి చెప్పి వదిలేసింది.

ఫెస్టివల్ జరిగే అహోయ్ అన్నచోట హాళ్ళకి నదుల పేర్లు పెట్టారు. నైలు, అమెజాన్, హడ్సన్, కాంగో, మాస్. అన్నింట్లోనూ ఒకేసారి కచేరీలు నడుస్తుంటాయి. హాలు నిండితే తలుపు మూసేస్తారు. కొన్నింటికి కొన్న టికెట్టు చాలదు, 'ప్లస్' అని ఇంకోటి కొనాలి. అంచేత మనవాడిది పరుగే పరుగు, వెనకాల వాటర్ బాటిలూ, స్వెట్టరూ, పులిహోర డబ్బా పట్టుకుని ఆవిడ. ఒకసారి ఆగి ఆయాసపడుతూ అంది:

"గోదావరి పుష్కరాలకి మా అమ్మ రమ్మంటే సెలవు లేదన్నారు. ఇక్కడ ఒక్క సాయంత్రం మూడు నదులు తిప్పుతున్నారు. కాళ్ళు కడుక్కుందామన్నా ఎక్కడా చుక్క నీళ్ళు లేవండీ!"

తీరా మెథీనీ వేదికెక్కాక చూడాలి ఇతన్ని. వినడు. అప్పజెప్పించుకుంటాడు. జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లేది, మన సంగీతంలో మనోధర్మం లాంటిదని ఆఫీసు కాంటీన్‌లో సాంబారన్నం చల్లారిపోయేదాకా చెప్పేది ఇతనే. కానీ 'ఆర్ యూ గోయింగ్ విత్ మీ' ఎత్తుకోగానే పెదాలు కదులుతాయి, ఎడమచెయ్యి తొడ మీద మెట్లు నొక్కుతుంది, చూపు అవతలివాడి వేళ్ళ మీద. ఆ పాట 1982లో 'ఆఫ్‌రాంప్' రికార్డులో ఒకలా ఉంటుంది, ఆ మరుసటేడు వచ్చిన 'ట్రావెల్స్' లైవ్ రికార్డులో ఇంకోలా ఉంటుంది. ఇతని లెక్కలో రెండోదే ప్రమాణం. ఆ రాత్రి మెథీనీ మూడో దారి పట్టాడు. పట్టడా మరి, అతని వృత్తే అది. మనవాడి మొహం వాడిపోయింది.

"ట్రావెల్స్‌లో అక్కడ పైకి వెళ్ళాడు. ఇప్పుడు దిగిపోయాడు."

ఇతన్నని లాభం లేదు. వాళ్ళ నాన్నగారు పద్యనాటకాల్లో వన్స్‌మోర్ కొట్టి, రెండోసారి రాగం ఒక్క చుట్టు తగ్గిందని నటుణ్ణి నిలదీసిన మనిషి. పక్కన కూర్చున్న ఆవిడకి రికార్డు తెలియదు. కాబట్టి పాటంతా హాయిగా వింది.

మర్నాడు హడ్సన్ ముందు క్యూలో తగిలాడు ఒక డచ్చి ముసలాయన. హేగ్ రోజుల నుంచీ వస్తున్నాడట. ఏ ఊరు మీదని అడిగాడు. ఇండియాలో ఆంధ్రా అన్నాడు మనవాడు. ముసలాయన కళ్ళు మెరిశాయి.

"అయితే శ్రీనిఫాస్!"

"ఏ శ్రీనివాస్? మా టీములోనే నలుగురున్నారు."

ముసలాయన అడిగింది పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గురించి. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో కర్ణాటక సంగీతం వాయించి అక్కడివాళ్ళని కదలనివ్వని కుర్రాడు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన 'రిమెంబర్ శక్తి' బృందంలో కూర్చున్నవాడు. చేతిలో ఉన్నది అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. 2014లో, నలభై అయిదేళ్ళకే పోయాడు. ఇదంతా ముసలాయన క్యూలో నిలబడి చెబుతుంటే, భీమవరం నుంచి బస్సెక్కితే గంటలో పాలకొల్లులో దిగే మనవాడు ఫోను కిందికి పెట్టి గబగబా వెతుక్కుంటున్నాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోను కూడా దూరింది. రెండు నిమిషాలు కదల్లేదు. ఆ రెండు నిమిషాలూ పోల్చి చూసుకోవడానికి అతని దగ్గర ఏ రికార్డూ లేదు.

క్యూ ఇంకా కదల్లేదు. ఈలోగా వెనకాల ఎవరో స్పానిష్ కుర్రాళ్ళు చేరారు. మనవాడు ఇయర్‌ఫోను తీసి వాళ్ళవైపు తిరిగాడు. బెర్లిన్, 1983, అయిదు తీగలు, అన్నీ వరసగా వచ్చేశాయి. "మా పక్కూరే. చిన్నప్పట్నించీ వింటున్నాం. మా ఇళ్ళల్లో తెల్లారితే అదే," అని ముగించాడు. కుర్రాళ్ళు నోళ్ళు తెరిచారు. ముసలాయన మర్యాదగా పైకప్పు చూశాడు.

ఆవిడ పులిహోర డబ్బా మూత బిగిస్తూ నెమ్మదిగా అడిగింది:

"పెళ్ళికి మాండొలిన్ కచేరీ పెట్టిస్తానని మా నాన్నగారంటే, 'ఎవడు వింటాడండీ, డీజే పెట్టించండి' అన్నది మీరే కదండీ?"