దోషజ్ఞుడు

అమరసింహుడు తన కోశమున విద్వాంసునకు గల పర్యాయపదములలో 'దోషజ్ఞుడు' అను మాటను గూడ చేర్చినాడు. తప్పు నెఱిగినవాడే పండితుడని ఆ మహానుభావుని అభిప్రాయమైనచో, మా వీధి చివర మేడగదిలో కాపురముండి, దేవాలయమునకును, కల్యాణమండపమునకును, ఊరగాయలమ్ము పిన్నిగారికిని వెబ్‌సైటులు కట్టిపెట్టి, అవి కూలినప్పుడెల్ల తానే పరుగెత్తుకొని వచ్చు యువకుని మించిన పండితుడు ఈ పేటలో లేడని ఒప్పుకొనక తప్పదు. ప్రతిఫలము కాఫీ. తప్పు పెద్దదైనచో ఒక గోంగూర సీసా.

ఈతని ఆయుధము వర్డ్‌ప్రెస్. 2003లో పుట్టిన ఆ సాధనము, ప్రాణాంతకమైన తప్పు తగిలినప్పుడు, చిరకాలము తెల్లకాగితమువంటి పుటను చూపి మౌనము వహించుచుండెడిది. 2019లోగాని సైటునకు ఏదో ఇబ్బంది కలిగినదని పెదవి విప్పుట నేర్వలేదు. ఆ మౌనయుగమును తలచుకొన్నప్పుడెల్ల మావానికి కన్నులు చెమర్చును. "అప్పుడు విద్యకు విలువ ఉండేదండీ. ఇప్పుడు ప్రతివాడికీ అర్థమైపోతోంది" అని నిట్టూర్చును.

మొన్న పిన్నిగారి సైటు చచ్చినది. ఆతడు వచ్చి, కంప్యూటరువంకనైనను చూడక, ముందుగా విచారణ ప్రారంభించెను.

"నిన్న మీరేం చేశారు పిన్నిగారూ?"

"ఏమీ చెయ్యలేదు నాయనా."

సైటు గలవారెవ్వరును ఎన్నడును ఏమియు చేయరు. రెండవ కాఫీ వచ్చునప్పటికి మాత్రము, మూడునాళ్ళ క్రిందట తెరమీద ఎఱ్ఱని అంకె యొకటి కనబడగా, పాపము అడుగుచున్నది కదా యని 'అప్‌డేట్' నొక్కిన సంగతి బయటపడినది.

తప్పు ఏ ఫైలులో, ఎన్నవ పంక్తిలో నున్నదో ఆ యంత్రమే వ్రాసిపెట్టును. దానిని చదువుట మావానికి నామోషి. "అది నలభయ్యొకటో లైను అంటుంది. సెమికోలన్ ఎగిరిపోయింది నలభైలో. పక్కింటివాడి మీద ఫిర్యాదు చేసేదాన్ని నమ్ముతామా?" అనును. ఆ మాట అబద్ధమును కాదు. వర్డ్‌ప్రెస్‌ను నడిపించు పిహెచ్‌పి భాష తాను నడక తప్పి ఆగిన చోటినే చెప్పును గాని, కాలికి రాయి తగిలిన చోటిని చెప్పదు. పైగా, విసర్గలు రెండు పక్కపక్కన కూర్చున్నట్లుండు నాలుగు చుక్కల గుర్తునకు, ఆ భాషను తీర్చిదిద్దిన ఇజ్రాయేలు మిత్రులు సురాస్కీ, గుట్‌మన్స్‌లు తమ హీబ్రూలో 'పామయీమ్ నెకుదోతయీమ్' అని నామకరణము చేయగా, పాత రూపములలో ఆ పేరే యథాతథముగా తెరమీదికి వచ్చి లోకమును హడలగొట్టినది. మావాడు నేటికిని దానిని తాయెత్తు కట్టు మంత్రగానివలె, అవసరము లేకున్నను, గొణుగుచుండును. వినువారికి గురి కుదురును.

మంత్రమైన పిదప వైద్యము. సైటునకు అదనపు పనులు నేర్పు ప్లగిన్‌లుండు ఫోల్డరు పేరు మార్చినచో, వర్డ్‌ప్రెస్‌కు వాని చిరునామా దొరకక అన్నియు ఒక్కమాటుగా నిద్రపోవును, సైటు లేచి కూర్చుండును. పిమ్మట, పెండ్లింట గొలుసు పోయినప్పుడు చుట్టములనందఱను వెలుపలికి పంపి ఒక్కొక్కరినే లోనికి పిలిచినట్లు, వానిని ఒకటొకటిగా మేల్కొల్పి చూడవలెను. మావాడు ఇరువదిరెండింటిని మేల్కొలిపెను. దీపములు పెట్టు వేళకు, జాడీల ధరలు చూపు ప్లగిన్ తలయెత్తగానే సైటు మరల గుటుక్కుమన్నది.

విజయవార్తను మిత్రులకు పంపుటకై ఫోను తీసిన ఆతని ముఖము ఉన్నట్లుండి నల్లబడెను. నేను తొంగిచూచితిని. ఇట్టి ప్రమాదము కలిగినప్పుడు ఏ ప్లగిన్ చెడినదో తెలుపుచు, లోనికి ప్రవేశించుటకు ఒక్కనాడు మాత్రము చెల్లు లింకుతో, సైటు నిర్వాహకునకు వర్డ్‌ప్రెస్సే ఉత్తరము వ్రాయును. నిర్వాహకుడు మావాడే. ఉత్తరము మూడునాళ్ళ క్రిందటిది. స్పామ్‌లో నున్నది.

"ఎవడో మోసగాడనుకున్నానండీ," అని నా చెవిలో అనెను. "మీ సైటు పాడైంది, ఈ లింకు నొక్కండి అంటే తెలిసినవాడెవడైనా నొక్కుతాడా?"

పిన్నిగారు గోంగూర సీసాతో వచ్చి, తెరమీద జాడీలు మరల కనబడుచుండుట చూచి మురిసిపోయి, "ఇంతకీ ఏం చేశావు నాయనా?" అని అడిగిరి.

"ఏమీ చెయ్యలేదండీ," అనెను మావాడు, సీసా నందుకొనుచు.