లోటు మాయం, అప్పు పదిలం

2021 ఫిబ్రవరి 1న పార్లమెంటులో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వింత జరిగింది. పొద్దున టిఫిన్ల వేళకు 1.15 లక్షల కోట్లుగా ఉన్న ఆ ఏటి ఆహార సబ్సిడీ అంచనా, మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి 4.22 లక్షల కోట్లయింది. జనం ఉన్నట్టుండి నాలుగింతలు తినడమేమీ మొదలుపెట్టలేదు. కరోనా ఏడాది కాబట్టి ఉచిత బియ్యం ఖర్చు కొంత కలిసిన మాట నిజమే. మిగిలిందాంట్లో చాలావరకు పాత బాకీ. ఏళ్ల తరబడి పద్దు రాయకుండా దాటేస్తూ వచ్చిన బాకీ.

ఈ దాటవేత ఎలా సాగిందో కాస్త దగ్గరగా చూడాలి. భారత ఆహార సంస్థ, అదే ఎఫ్‌సీఐ, మద్దతు ధరకు ధాన్యం కొంటుంది. ఆ బియ్యం అప్పట్లో మూడు రూపాయలకు కిలో చొప్పున రేషన్ షాపులకు పోయేవి. కొన్న ధరకూ ఇచ్చిన ధరకూ మధ్య తేడాను ఢిల్లీ ఖజానా భరించాలి. భరిస్తే అది ఖర్చు. ఖర్చు రాస్తే లోటు పెరుగుతుంది. లోటు పెరిగితే బడ్జెట్ నాడు టీవీ స్టూడియోల్లో పరువు పోతుంది. అందుకని 2016-17లో ఒక దారి కనిపెట్టారు. ఎఫ్‌సీఐకి ఇవ్వాల్సిన డబ్బు పూర్తిగా ఇవ్వకుండా, జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు తెచ్చుకొమ్మన్నారు. ఆ నిధిలో ఉండేది పోస్టాఫీసుల్లో జనం దాచుకున్న సొమ్ము. రిటైరైన మాస్టారి నెలసరి ఆదాయ పథకం, ఆడపిల్ల పేరు మీద కట్టిన సుకన్య ఖాతా, వగైరా. 2020 మార్చి నాటికి ఎఫ్‌సీఐ నెత్తిన ఈ అప్పు సుమారు రెండున్నర లక్షల కోట్లకు చేరింది. అసలు తీర్చాల్సింది ప్రభుత్వమే, వడ్డీ భారం పడేదీ ప్రభుత్వం మీదే. పత్రం మీద పేరు మాత్రం ఎఫ్‌సీఐది. కాబట్టి ద్రవ్యలోటు లెక్కలో దానికి చోటు లేదు.

ఆ బాకీని తిరిగి పుస్తకంలోకి తెచ్చింది ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామనే. ఆ మెప్పు ఆమెకు దక్కాల్సిందే. కాకపోతే ముహూర్తం చూడండి. 3.5 శాతం ఉంటుందనుకున్న లోటు కరోనా దెబ్బకు 9.5 శాతానికి పోయిందని ప్రకటించిన రోజది. నిండా మునిగినవాడికి చలేమిటి?

అంతకు రెండేళ్ల ముందే కాగ్ ఈ గుట్టు విప్పింది. 2017-18లో ద్రవ్యలోటు జీడీపీలో 3.46 శాతమని ప్రభుత్వం చెప్పుకుంటే, బడ్జెట్ బయట చేసిన అప్పులన్నీ కలిపితే అది 5.85 శాతమని 15వ ఆర్థిక సంఘం ముందు లెక్క పెట్టింది. ఒకే దేశం, ఒకే ఏడాది, ఒకే ఖజానా. తేడా మాత్రం రెండు శాతానికి పైమాటే. దశాంశ బిందువు పక్కన ఒక్క అంకె తగ్గిందని పండగ చేసుకునే ఆర్థిక పండితులు ఈ తేడా దగ్గరకొచ్చేసరికి ఎందుకో గొంతు సవరించుకుని ఊరుకున్నారు.

లోటును అదుపులో పెట్టడానికి చట్టం లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. 2003లో చేసిన ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం. రెవెన్యూ లోటును 2008 మార్చికల్లా సున్నా చేసి తీరాలని అందులో రాసుకున్నారు. రోజువారీ ఖర్చులకు అప్పు చేయకూడదన్నది దాని సారాంశం. చట్టం అమల్లోకి వచ్చిన ఏడాదే గడువు 2009కి జరిగింది. ఇంతలో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది, లక్ష్యాలను అటకెక్కించారు. అది అర్థం చేసుకోదగ్గదే. 2012లో మాత్రం అసలైన ప్రతిభ బయటపడింది. రెవెన్యూ లోటు తగ్గకపోతే 'ప్రభావశీల రెవెన్యూ లోటు' అనే కొత్త కొలమానం తయారుచేశారు. ఆస్తుల కోసం రాష్ట్రాలకు, ఇతరులకు ఇచ్చే గ్రాంట్లను తీసేసి లోటు లెక్కగట్టడం దీని ప్రత్యేకత. దాన్ని 2015కల్లా సున్నా చేస్తామన్నారు. 2015 రాగానే 2018 అన్నారు. 2018 రాగానే రెవెన్యూ లోటు లక్ష్యాన్నే చట్టంలోంచి ఎత్తేశారు. లెక్కల పేపరు ప్రతి మార్చిలోనూ తప్పుతున్న కుర్రాడు చివరికి సిలబస్ కమిటీలో చేరి లెక్కలే లేకుండా చేసుకున్నట్టయింది.

ఇదంతా ఒక్క పార్టీ ఘనకార్యం అనుకుంటే రెండో పార్టీకి అన్యాయం చేసినట్టే. 2005 తర్వాత ముడిచమురు ధర కొండెక్కుతుంటే, బంకుల్లో ధర పెంచి ఓటర్లకు కోపం తెప్పించడం యూపీఏ ప్రభుత్వానికి ఇష్టం లేకపోయింది. నష్టపోతున్న చమురు కంపెనీలకు నగదు ఇస్తే లోటు పెరుగుతుంది. కాబట్టి కాగితాలిచ్చారు. వాటి పేరు ఆయిల్ బాండ్లు. అయిదారేళ్లలో సుమారు 1.4 లక్షల కోట్ల రూపాయల కాగితాలు. చేతులు మారింది నగదు కాదు కనుక లోటు లేదు. తీర్చాల్సిన గడువులు 2020ల దాకా ఉన్నాయి కనుక చింతా లేదు. ఆ తర్వాత అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం లోటుకు 4.8 శాతం దగ్గర 'ఎర్రగీత' గీశారు. దాన్ని దాటేది లేదని భీష్మించారు, దాటలేదు కూడా. కాకపోతే 35 వేల కోట్ల ఇంధన సబ్సిడీ బిల్లును తర్వాతి ఏడాదికి నెట్టారు. ఎర్రగీత అలాగే ఉంది, బిల్లు గీత అవతలికి వెళ్లింది.

ఈ ఆయిల్ బాండ్లు 2021లో ఊహించని విధంగా అక్కరకొచ్చాయి. ఆ జూన్‌లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు వంద దాటింది. పన్ను తగ్గించండి మహాప్రభో అంటే, గత ప్రభుత్వం చేసిన ఆయిల్ బాండ్ల అప్పు తీరుస్తున్నాం, తగ్గించలేమని కేంద్రం సమాధానం. ఆ బాండ్ల మీద ఏటా కట్టే వడ్డీ సుమారు పదివేల కోట్లు. పెట్రోలు, డీజిల్ మీద కేంద్రం 2020-21లో వసూలు చేసిన ఎక్సైజు మూడున్నర లక్షల కోట్లకు పైచిలుకు. ఇంత వసూలుకు అంత వడ్డీని సాకుగా చూపడానికి చాలా ధైర్యం కావాలి.

ఆ పన్నును విడదీసి చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. అప్పట్లో లీటరు పెట్రోలు మీద కేంద్రానికి పోయేది 32 రూపాయల 90 పైసలు. అందులో మౌలిక ఎక్సైజు సుంకం ఒక రూపాయి 40 పైసలు. మిగతాది ప్రత్యేక అదనపు సుంకం 11 రూపాయలు, రోడ్ల సెస్సు 18 రూపాయలు, వ్యవసాయ సెస్సు రెండున్నర. రాజ్యాంగం ప్రకారం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఉంది గానీ, సెస్సుల్లోనూ సర్‌ఛార్జీల్లోనూ లేదు. కాబట్టి 32.90లో పంపకానికి వచ్చేది ఆ రూపాయి నలభై పైసలే. అందులో 41 శాతం, అంటే 57 పైసలు, రాష్ట్రాలన్నీ కలిసి పంచుకోవాలి. 15వ ఆర్థిక సంఘం లెక్కలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. అంటే రెండు పైసల చిల్లర. తెలంగాణకు 2.102 శాతం చొప్పున ఒక పైసా, దానికి కాస్త కొసరు. విజయవాడ బంకులో లీటరు కొట్టించుకుని 32.90 పన్ను కట్టినవాడి రాష్ట్రానికి ఆ పన్నులోంచి పంపకం కింద తిరిగొచ్చింది రెండు పైసలు. పైసా నాణెం ఇప్పుడు ఎక్కడా చెల్లదు కాబట్టి ఈ సమాఖ్య స్ఫూర్తిని చేతిలో పట్టుకుని చూసే వీలు కూడా లేదు.

ఇది పెట్రోలుతో ఆగిన విద్య కాదు. స్థూల పన్ను వసూళ్లలో సెస్సులు, సర్‌ఛార్జీల వాటా 2011-12లో సుమారు పదో వంతు. 2020-21 నాటికి అయిదో వంతుకు చేరింది. పంపకం 41 శాతమని గొప్పగా చెబుతూ, పంచాల్సిన రాశిని పక్కనుంచి కుదించడమంటే ఇదే.

ఇక అమ్మకాల సంగతి. 2018 జనవరిలో హెచ్‌పీసీఎల్‌లో తన 51 శాతం వాటాను కేంద్రం 36,915 కోట్లకు అమ్మింది. ఎవరికి? ఓఎన్‌జీసీకి. ఓఎన్‌జీసీ ఎవరిది? కేంద్రానిదే. ఆ డబ్బు ఎక్కడిది? చాలావరకు అప్పు. విశాఖ మల్కాపురంలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఆ మర్నాడు ఒక్క బోల్టు కూడా మారలేదు. అదే పొగ, అదే షిఫ్టు, అదే యజమాని. ఢిల్లీలో మాత్రం 72,500 కోట్ల పెట్టుబడుల ఉపసంహరణ లక్ష్యాన్ని దాటి దాదాపు లక్ష కోట్లు సాధించామని జబ్బలు చరుచుకున్నారు. ప్రభుత్వం చేయాల్సిన అప్పును ఓఎన్‌జీసీ చేసింది, అది ప్రభుత్వ రాబడిగా నమోదైంది. విద్య బాగుందని మరుసటి ఏడాది మళ్లీ ప్రయోగించారు. 2019 మార్చిలో పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ చేత ఆర్‌ఈసీలో తన వాటాను 14,500 కోట్లకు కొనిపించారు. ఈసారి కూడా అమ్మినవాడూ, కొన్నవాడి యజమానీ ఒక్కడే.

బయటివాళ్లకు నిజంగా అమ్మాలనుకున్న విశాఖ ఉక్కు కథ ఇంకో తీరు. నూరు శాతం అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం తీర్మానించింది. అమ్మకం జరగలేదు. 2025 జనవరిలో అదే ఫ్యాక్టరీని నిలబెట్టడానికి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాల్సి వచ్చింది. రాబడి వస్తుందనుకున్న చోటే ఖర్చు తేలింది.

లోటు ఉండటం పాపమేమీ కాదు. 2020లో బస్సులు, రైళ్లు ఆగి వలస కూలీలు జాతీయ రహదారుల మీద నడుస్తున్నప్పుడు ఖర్చు పెట్టని ప్రభుత్వానిదే పాపం. రోడ్డు వేయడానికో, ఓడరేవు కట్టడానికో అప్పు తేవడమూ తప్పు కాదు. ఎవరి దగ్గర ఎంత పన్ను వసూలు చేయాలి, ఎవరికి ఎంత ఖర్చు పెట్టాలి అన్నది తేల్చడానికే బడ్జెట్ ఉంది. ఆ బేరం పార్లమెంటులో నలుగురి ఎదుట జరగాలి. 2019 సెప్టెంబర్ 20న కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గింది. అందువల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం పోతుందని ఆర్థిక మంత్రే చెప్పారు. అంత పెద్ద బేరం పార్లమెంటు సమావేశాలు లేని వేళ ఆర్డినెన్సుతో తేలిపోయింది. అంతకు నెల కూడా కాకముందే రిజర్వు బ్యాంకు 1.76 లక్షల కోట్లు కేంద్రం చేతిలో పెట్టింది. అయినా ఆ ఏటి లోటు 3.3 అనుకుంటే 4.6 శాతం తేలింది. రేషన్ బియ్యం సబ్సిడీకి పోస్టాఫీసు డబ్బు వాడుకుంటున్న రోజులవి.

గురువు ఇలా ఉంటే శిష్యులు ఊరుకుంటారా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రాభివృద్ధి కార్పొరేషన్ ఒకటి పెట్టి, రాబోయే ఏళ్లలో మద్యం మీద వచ్చే పన్నును చూపించి బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చింది. రాష్ట్రంలో తాగేవాళ్లు తాగుతూనే ఉండాలన్నది ఆ అప్పుకు ఆధారం. తెలంగాణ కాళేశ్వరం కార్పొరేషన్ పెట్టి ప్రాజెక్టు అప్పును దాని పేర రాసింది. నీళ్లమ్మి తీర్చేంత రాబడి ఆ కార్పొరేషన్‌కు ఎక్కడా లేదు, కట్టేది సర్కారే. కేరళ తన మౌలిక సదుపాయాల పెట్టుబడి నిధి బోర్డు కీఫ్‌బీతో అదే దారి పట్టింది.

అప్పుడు కేంద్రానికి ఆర్థిక క్రమశిక్షణ గుర్తొచ్చింది. ఎఫ్‌సీఐ బాకీని పుస్తకంలోకి తెచ్చిన మరుసటి ఏడాదే, 2022లో, కార్పొరేషన్ల పేర చేసిన అప్పులన్నీ రాష్ట్రం అప్పుల కిందే లెక్కగడతామని, ఆ మేరకు రుణ పరిమితి కోస్తామని రాష్ట్రాలకు తాఖీదు పంపింది. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం ఆ అధికారం తమకుందంది. సూత్రంగా చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు, బడ్జెట్ బయట అప్పు కూడా అప్పే. కానీ ఢిల్లీ అప్పులకు పరిమితి గీసే పనిని రాజ్యాంగం 292వ అధికరణంలో పార్లమెంటు చేసే చట్టానికే వదిలింది, బయటినుంచి కోత వేసేవాళ్లెవరూ లేరు. ఉన్న చట్టానికి ఏం జరిగిందో పైన చూశాం. కేరళ సుప్రీంకోర్టుకెక్కింది. 2024 ఏప్రిల్‌లో ఆ పంచాయితీని రాజ్యాంగ ధర్మాసనానికి అప్పగించారు.

ఇంతకీ కాళేశ్వరం కార్పొరేషన్‌కు పెద్ద మొత్తాల్లో అప్పులిచ్చిన సంస్థల్లో రెండింటి పేర్లు పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఆర్‌ఈసీ. రాష్ట్రాలు బడ్జెట్ బయట అప్పు చేయడం తప్పని ఢిల్లీ తాఖీదు రాసే నాటికి, ఢిల్లీ కంపెనీలే వడ్డీకి ఆ అప్పు ఇచ్చి ఉన్నాయి. ఆ వడ్డీల మీద వచ్చిన లాభంలోంచి కేంద్రానికి అందే డివిడెండు మాత్రం బడ్జెట్ బయటికి పోదు. పన్నేతర ఆదాయం కింద పైసాతో సహా ఏటా పద్దులోకెక్కుతుంది.