హీట్ గన్ నా దగ్గరే ఉండనీ

పిల్లల చేతికి నిప్పు ఇవ్వకూడదు. ఈ మాటను ఎవరూ కాదనరు, హెడ్మాస్టరు అసలే కాదనరు. ఆ ఒక్క మాట పట్టుకుని తొమ్మిదో తరగతి పిల్లల బొమ్మల్ని నా చేత్తో నేనే పాడుచేశాను. పైగా ఎంత జాగ్రత్తపరుణ్నో అని లోలోపల పొంగిపోయాను కూడా.

మైనం రంగుల పిచ్చి నాకు ఫాయుమ్ ముఖాలను చూసి పట్టింది. ఈజిప్టును రోమన్లు ఏలిన కాలంలో, క్రీస్తుశకం తొలి మూడు శతాబ్దాల్లో, చనిపోయినవాళ్ల రూపాన్ని పల్చటి చెక్క మీద వేసి మమ్మీ ముఖం దగ్గర కట్టేవారు. 1888లో ఫ్లిండర్స్ పెట్రీ హవారాలో తవ్వితే ఇవి వరసగా బయటపడ్డాయి. ఇప్పటికి 900 దాకా తేలాయి. చాలావాటికి వాడింది రంగు కలిపిన తేనెమైనమే. కరిగిన మైనాన్ని కుంచెతో పెట్టి, కాల్చిన లోహపు పనిముట్టుతో సర్దేవారు. ఇన్ని వందల ఏళ్లయినా ఆ కళ్లలో తడి ఆరలేదు. తెర మీద చూపిస్తే పిల్లలు నోరెళ్లబెట్టారు. అక్కడితో ఆగి ఉంటే నా పరువు దక్కేది. వాళ్ల చేతా మైనంతో బొమ్మలు వేయించాలనుకున్నాను.

సరైన పాళ్లు పుస్తకాల్లోనే ఉన్నాయి. సుమారు ఎనిమిది పాళ్ల తేనెమైనానికి ఒక పాలు డామర్. డామర్ మన గుగ్గిలానికి చుట్టమే, రెండూ ఒకే కుటుంబపు చెట్ల నుంచి కారేవి. అది కలిస్తే మైనం గట్టిపడి నిగారిస్తుంది. తేనెమైనం ఖరీదు విని నేను బజారుకి వెళ్లి కొవ్వొత్తుల మైనం తెచ్చాను. అది పారఫిన్, ఆరాక గోరు తగిలితే పెచ్చులూడుతుంది. రంగు కోసం ముగ్గుల పొడి కలిపాను. దాంట్లో రంగు కన్నా రాతిపొడే ఎక్కువేమో, అదంతా గిన్నె అడుక్కి దిగి, పైన లేత గులాబీ మైనం మిగిలింది. చెక్కలు తెల్లగా ఉంటే అందమని యాక్రిలిక్ ప్రైమర్ పూయించాను. మైనం నిలవాలంటే అడుగు దాన్ని కాస్త పీల్చుకోవాలి, ప్లాస్టిక్ పూత పీల్చుకోదు. మర్నాటికి ఒకడి కొండపల్లి ఖిల్లా మొత్తం అట్టులా లేచి చేతికొచ్చింది.

ఇవి పిసినారితనంతో చేసినవి. తర్వాతది తెలివితక్కువతనం. ఫ్యాను గాలికి కుంచె మీదే మైనం గడ్డకడుతోందని ఫ్యాను ఆపించాను, కిటికీలు మూయించాను. ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె, దాంట్లో థర్మామీటరు లేదు. తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పనికి 80–90 చాలు. బాగా మించి కాగితే వచ్చే పొగలో అక్రోలిన్ ఉంటుంది, కళ్లూ గొంతూ మండిపోతాయి. ముందు వరస పిల్లలు దగ్గుతుంటే "కళ అంటే కష్టపడాలమ్మా" అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. కెమిస్ట్రీ మేడం వచ్చి కిటికీలు బార్లా తెరిచి, స్టవ్ కట్టేసి, నన్ను ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆవిడ పుణ్యాన సరుకు మారింది. అసలైన తేనెమైనం, పూత లేని ప్లైవుడ్, థర్మామీటరు వచ్చాయి. ముగ్గుల పొడి బదులు ఆయిల్ కలర్ ట్యూబులు తెచ్చాను. రంగును కాగితం మీద పిండి కాసేపు ఉంచితే మిగులు నూనె కాగితం పీల్చుకుంటుంది, ఆ ముద్దను మైనంలో కలపాలి. ఇక అన్నీ కుదిరాయనుకున్నాను.

ఈ పనిలో ప్రతి పొరనూ వేడితో కింది పొరకు అతికించాలి. లేకపోతే పొరలు విడిపోతాయి. పైన మెరుపు కనిపించగానే వేడి తీసెయ్యాలి. గీత గీతలాగే ఉండాలా, కాస్త మసకబారాలా, కరిగి పక్క రంగులోకి జారాలా అన్నది ఆ క్షణంలో తేలుతుంది. బొమ్మలో సగం పని అదే. ఆ సగం నా దగ్గర పెట్టుకున్నాను. పిల్లలు వేసి వరసలో నిలబడేవారు, నేను హీట్ గన్ ఎత్తి ఒక్కో చెక్క మీదా ఊదేవాణ్ని. భద్రత!

ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ ముఖం వేసింది. కనురెప్పల వెంట్రుకలు సూదితో గీసి, గాట్లలో నల్లరంగు నింపి, పైన తుడిచింది. ముక్కుపుడకకు ఒక్క పసుపు చుక్క పెట్టింది. నేను గన్ ఫుల్లులో పెట్టి దగ్గరగా ఊదాను. ముక్కుపుడక చెంప మీదుగా జారి పెదవి పక్కన ఆగింది. రెప్పలు కనుగుడ్డులో కలిసిపోయాయి. పిల్ల ఏమీ అనలేదు. నేనే నోరు మూసుకోలేక, మైనంలో అనుకోకుండా జరిగేదానికీ అందం ఉంటుందని చెప్పి, చిత్రకారుడు జాస్పర్ జాన్స్ పేరు లాగాను. 1954–55లో ఆయన ‘ఫ్లాగ్’ వేసినప్పుడు మైనం ఎంచుకున్నదే అది త్వరగా గడ్డకట్టి, ఏ కుంచె గుర్తు ఆ గుర్తుగా నిలుస్తుందని. నేను చెప్పింది సరిగ్గా తలకిందులు. పిల్లలకు అది తెలియకపోవడం నా అదృష్టం.

వెనక నుంచి ఒకడు "సార్, గాలి తగ్గించండి" అన్నాడు. ఆదివారాలు వాళ్ల మామయ్య మొబైల్ షాపులో కూర్చునే కుర్రాడు.

"వేడి తగ్గించమంటావా?"

"వేడి ఉండనీండి సార్. గాలి. బోర్డు మీద గాలి ఎక్కువైతే చిన్న పార్టులు ఎగిరిపోతాయి."

"సరే, నువ్వెళ్లి కూర్చో" అన్నాను.

సాయంత్రం అందరూ వెళ్లాక ఒక పనికిరాని చెక్క మీద, గాలి బాగా తగ్గించి, జానెడు దూరం నుంచి, ఆపకుండా కదిలిస్తూ చూశాను. రంగు ఉన్నచోటే ఉండి మెరిసింది. వేడికి కరిగిన మైనాన్ని గాలి తోసుకుపోతోందన్నమాట. ప్రతి ఆదివారం షాపులో హాట్ ఎయిర్ గన్ పట్టే పిల్లాడు నా క్లాసులోనే ఉంటే, వాణ్ని గన్ ముట్టుకోనివ్వకుండా కాపలా కాశాను. తర్వాతి క్లాసు నుంచి గన్ వాడికిచ్చాను, వాడు మిగతావాళ్లకు నేర్పాడు. ఆ ఏడాది చెయ్యి కాల్చుకున్నది నేనొక్కణ్నే.

లియొనార్డో 1505లో ఫ్లోరెన్స్‌లో ‘ఆంఘియారి యుద్ధం’ వేస్తూ, ప్లినీ పుస్తకంలో చదివిన పద్ధతి నమ్మి, ఆరడానికి మంట పెట్టించాడట. కింది భాగం ఆరిందట, వేడి అందని పైభాగం కారిపోయిందట. అంతటివాడికే తప్పలేదని కొన్నాళ్లు ఈ కథతో ఊరట పొందాను. కాకపోతే ఆయన పాడుచేసుకున్నది ఆయన బొమ్మనే.

అన్నిటికన్నా సిగ్గుచేటు మార్కుల సంగతి. నేను కరిగించిన నాయనమ్మ ముఖానికి, మొబైల్ కుర్రాడి మాట వినక ముందే, పదికి ఐదు వేసి "పనిలో నిలకడ అవసరం" అని రాసేశాను. పేరెంట్స్ మీటింగులో వాళ్ల నాన్నగారు ఆ కాగితం చూపించి, "ఏం పాడుచేసిందండీ మా పిల్ల?" అన్నారు.

"మీ పిల్ల ఏం చేయలేదండీ. నేను కరిగించాను."

ఆయన చెక్కను అటూ ఇటూ తిప్పి, అంచు దగ్గర గోటితో గీకి చూశారు. "మైనమేగా, గీకి మళ్లీ వేసుకోవచ్చు కదండీ" అన్నారు.

నిజమే, వేసుకోవచ్చు. పిల్ల గీకి మళ్లీ వేసింది. పెచ్చులన్నీ కలిపి కరిగిస్తే మట్టిరంగు వచ్చింది, దాన్ని చీరకు వాడుకుంది. ఈసారి గన్ తనే పట్టుకుంది, ముక్కుపుడక ముక్కు మీదే ఉంది. మార్కులు మారుద్దామని వెళితే, ఎక్కించడం అయిపోయింది, గడువు దాటింది అన్నారు ఆఫీసులో. రిపోర్టులో ఇప్పటికీ నిలకడ లేనిది ఆ అమ్మాయికే.