పంచె నుంచి పెరుగు మూటదాకా

నేను పుట్టింది ఎనిమిది మూరల నూలు పంచెగా. విజయవాడలో తాతగారి నడుముకు చుట్టుకుని ఏళ్ల తరబడి బతికాను. ఆయన చిక్కిపోతున్న సంగతి ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. రానురాను నా కుచ్చిళ్లు ఎక్కువ పడసాగాయి. పళ్లు పోయాయి, గుడ్డు ముట్టరు, పప్పు అరగదంటారు. "ప్రొటీన్ చాలడం లేదమ్మా" అన్నారు డాక్టరుగారు కోడలితో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఆయన తినేది అందులో సగమైనా ఉంటుందో లేదో!

అప్పటికి నా అంచు చిరిగిపోయింది. కోడలు నన్ను పారేయలేదు. మెత్తబడిన నడిమి భాగాన్ని కత్తిరించి, నీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసింది. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది. ఉతికి ఉతికి అరిగిన నూలయితే పెరుగును పట్టుకుని తేటను వదిలేస్తుంది.

తాతగారి కోసం కోడలు లీటరు పాలలో 50 గ్రాముల వెన్న తీసిన పాలపొడి ఉండకట్టకుండా కలిపి బాగా కాస్తుంది. ఆ కాచడంలోనే ఉంది కిటుకంతా. వేడికి పాలతేటలోని ప్రొటీన్లు కేసిన్‌ను అంటుకుంటాయి. అందుకే పెరుగు గట్టిగా తోడుకుంటుంది, ఆ ప్రొటీన్‌లో చాలాభాగం నాలోంచి జారిపోకుండా నిలుస్తుంది. గోరువెచ్చగా అయ్యాక తోడు వేస్తుంది. తోడుకున్న పెరుగును నాలో మూటకట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి, కింద ఇంకో గిన్నె ఉంచి రాత్రికి ఫ్రిజ్‌లో పెడుతుంది. మా ఊరి ఎండలకు కొళాయికి వేలాడదీస్తే తెల్లారేసరికి పులిసిపోతుంది మరి.

మొదట ధారగా, తర్వాత చుక్కచుక్కగా లేత ఆకుపచ్చ తేట దిగుతుంది. ఆ రంగు రైబోఫ్లేవిన్‌ది. పొద్దున నన్ను విప్పితే పెరుగు ముద్ద మీద నా నేత గళ్లు అచ్చుపడి ఉంటాయి. మామూలు పెరుగులో 100 గ్రాములకు 3 గ్రాములకు కాస్త పైన ఉండే ప్రొటీన్, ఈ ముద్దలో సుమారు 9 గ్రాములు ఉంటుంది.

కోడలు అందులో బంగినపల్లి గుజ్జు, చిటికెడు యాలకుల పొడి వేసి నున్నగా గిలక్కొడుతుంది. మామిడి కాలం కాకపోతే నానబెట్టిన ఖర్జూరం. పచ్చి అనాస, బొప్పాయి మాత్రం వేయదు. వాటి ఎంజైములు పాల ప్రొటీన్‌ను విరగ్గొట్టి చేదు పుట్టిస్తాయి. అనాస వేయాలంటే ముందు ఉడికిస్తుంది.

"మామయ్యగారూ, ఒక్క చెంచా నోట్లో వేసుకోండి."

"నమలక్కర్లేదుగా తల్లీ?"

"అక్కర్లేదండీ."

గిన్నె ఖాళీ చేశారు. మర్నాడు సాయంత్రం ఆయనే అడిగారు. తీపి మొహం మొత్తిన రోజు అల్లం తురిమించి, కొత్తిమీర తరిగించి, ఆవపోపు పెట్టిస్తారు. దిగిన తేటను కోడలు చపాతీ పిండిలో కలుపుతుంది, మిగిలితే చారులో పోస్తుంది. అందులోనూ కొంత ప్రొటీన్ ఉంటుంది కదా, ఒలకబోయడం నాకూ ఇష్టం లేదు.

ఇప్పుడు జిమ్‌కు వెళ్లే మనవడు కూడా గిన్నె పట్టుకుని నిలబడుతున్నాడు. బజారు పెరుగు కప్పు వెనక చక్కెర ఎంతో చదివినప్పటి నుంచి వాడికి ఇదే కావాలి. పాలు లీటరున్నర అయ్యాయి. మూటకు నేనొక్కదాన్నే చాలడం లేదని, పెట్టెలో దాచిన నా రెండో ముక్కను కూడా తీసి నిన్న ఉడకబెట్టింది కోడలు.