టెన్షనే వద్దబ్బీ!

“టెన్షనే ఉండకూడదబ్బీ, అంతా నేను చూసుకుంటా” అని మా కడప చిన్నాయన అన్నాడంటే, చిన్నమ్మ మొదట పోయి బీపీ మాత్రలు ఎన్నున్నాయో చూసుకుంటుంది. మీ ఇంట్లోనూ ఇట్లాంటాయన ఉండే ఉంటాడు. పెళ్లికి బస్సు మాట్లాడేది ఆయనే, తిరుపతికి రూములు పట్టేది ఆయనే, ఎవరూ అడక్కపోయినా అందరి ఆధార్ జిరాక్సులు సంచిలో మోసేదీ ఆయనే.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలు వండర్లా అన్నారు. హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన పార్కు. కర్నూలు నుంచి రెండొందల కిలోమీటర్లు, కడప నుంచి దానికి రెట్టింపు. చిన్నాయన ముందు ఒప్పుకోలేదు. “మనకు బెలుం గుహలు లేవా? 3229 మీటర్లు! ఓర్వకల్లు రాళ్లు లేవా?” అన్నాడు. గుహల్లో ఉక్కపోస్తుందనీ, రాళ్లు ఇంటి చుట్టూ ఉన్నాయనీ పిల్లలు చెప్పేసరికి తగ్గాడు.

తగ్గాడు అంటే, ప్లానులోకి దిగాడు. ఆయనకు పార్కుతో పనిలేదు, ప్లాను ఉంటే చాలు. ఆ వెబ్‌సైటులో నియమాలన్నీ ఆయన చదివినంత శ్రద్ధగా, రాసినవాళ్లు కూడా చదివి ఉండరు. 85 సెంటీమీటర్లలోపు పిల్లలకు టికెట్టు లేదని తెలిసిన రోజు నుంచి చిన్న మనవడి బతుకు గోడకే అంటుకుపోయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి టేపు. వాడు టికెట్టుకు పొట్టిగా ఉండాలి, పెద్దవాడేమో రైడ్లకు పొడుగ్గా ఉండాలి. పెద్దవాడికి ‘నిటారుగా నిలబడరా’ అని వారం పొడుగునా నేర్పుతుంటే పక్కనుండి చిన్నోడు కూడా నేర్చుకున్నాడు. గేటు దగ్గర కొలవబోతే మునివేళ్ల మీద లేచి నిలబడి, మెడ సాచి, నవ్వాడు. టికెట్టు కొన్నాం.

అంతకుముందు ప్రయాణం సంగతి ఉంది. పార్కు తెరిచేది పదకొండుకు. మేం కర్నూలులో బయలుదేరింది తెల్లవారుజామున మూడుకు, “ఎండ పడకముందే టెన్షన్ లేకుండా” చేరడానికి. ముందురోజే కడప నుంచి వచ్చి మా ఇంట్లో పడుకున్న చిన్నాయన, పడుకోలేదు. రెండింటికే అందరి చెప్పులూ జతలు కలిపి వాకిట్లో వరస పెట్టాడు. తుంగభద్ర దాటగానే పుల్లూరు టోలుగేటు దగ్గర ఫాస్టాగులో డబ్బులున్నాయో లేదో చూసుకుని, నిట్టూర్చి, “1956లో మన రాజధాని పోయింది కూడా ఈ దావెంటే” అన్నాడు. 1953లో వచ్చిన రాజధాని మూడేళ్లకే హైదరాబాదు పోయిన బాధ కర్నూలోళ్లం మేమే మరిచిపోయాం, కడపాయన మరవలేదు. దావలోనే కదా అని బీచుపల్లి ఆంజనేయుడు. దావలో లేకపోయినా అలంపురం జోగులాంబ.

బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి ఉగ్గాని, చిత్రాన్నం, నిప్పట్లు, చెనిక్కాయల పొడి అన్నీ పార్కింగులోనే మా కడుపుల్లోకి ఎక్కించాడు. ఆ బరువుతో రికాయిల్ ఎక్కాం. అది ముందుకు తీసుకుపోయి, తలకిందులు చేసి, అదే దావలో వెనక్కి తెస్తుంది. దిగిన మా తమ్ముడి మొహం తెల్లబడితే ఎక్కణ్ణుంచో చిన్నాయన వచ్చి జేబులోంచి నిమ్మకాయ తీసి వాడి ముక్కు దగ్గర పెట్టాడు. ఎవరికి కళ్లు తిరుగుతాయో, ఎవరికి మోకాళ్లు నొప్పో ఆయనకు గుర్తుంటుంది. కన్నతల్లులకు కూడా అంత గుర్తుండదు. అందుకే ఆయన్ని ఏమీ అనలేం.

నీళ్ల వైపు నూలు బట్టలు పనికిరావు, నైలాన్ కావాలి. అందరికీ తెచ్చాడు, తనకు తప్ప. “నేను సంచులకు కాపలా.” లాకర్లున్నాయి చిన్నాయనా అంటే “లాకరుకు కాపలా ఎవరు?” అన్నాడు. అలల కొలను చూసి ముఖం మాడ్చుకున్నాడు. “ఈ నీళ్లకు ఎన్నెకరాలు పారతాదో!” లేజీ రివర్ చూసి ఇంకా మండిపడ్డాడు: పారిన కాలువ ఒక్క మడీ తడపకుండా తిరిగి మొదటికే రావడమేంది? ఆయన కోపానికి కారణముంది. వాళ్లది కె.సి. కెనాలు చివరాయకట్టు. 1860ల్లో పడవలు కూడా నడవాలని తవ్విన కాలువ. సుంకేసుల దగ్గర బయలుదేరిన నీళ్లు వాళ్ల పొలం దాకా వచ్చిన ఏడు ఊళ్లో పొట్టేళ్లు తెగేవి.

మధ్యాహ్నం మనవడు పట్టుబట్టి అక్కడి కొట్లోనే నైలాన్ నిక్కరు కొనిపించి, ట్యూబు మీద కూర్చోబెట్టి తోశాడు. ప్లాను ప్రకారం నాలుగున్నరకు గేటు బయట ఉండాలి. నాలుగున్నరకు అందరం ఉన్నాం, చిన్నాయన లేడు. వెతికితే, మునివేళ్లు నీళ్లలో ఆడిస్తూ, కళ్లు మూసుకుని, మలుపులో కనిపించాడు.

“టైమయింది చిన్నాయనా!”

“టెన్షన్ పడొద్దబ్బీ. చివరాయకట్టుకు నీళ్లు ఇప్పుడే అందినాయి. ఇంకో సుట్టు తిరిగొస్తా.”